ఆ ఫ్లెక్స్‌లో మా భుజం మీది చెయ్యి ఎవరిది?

ఈసారి రాత కొంచెం పొడుగు. మధ్యలో కోపం వస్తే కడదాకా చదివినాక తిట్టండి.

ఉగాదినాడు మండపం వాకిట కట్టిన ఫ్లెక్స్ అందరూ చూసినారు. "మన తెలుగు పరుగు వీరులు" అని పైన తెలుగులో, కింద తమిళంలో. దాంట్లో నలుగురం నిలబడి ఉన్నాము. మెడలో మెడల్, ఒంటి మీద తిరుప్పూరు బనియన్, ముఖమంతా చెమట. మాకు పొన్నాడలు కప్పినారు. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు లెక్కలేకుండా వచ్చినాయి. సంతోషమే, కాదనము.

ఇప్పుడు ఆ ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి, ఎడమ పక్క చివర నిలబడినవాడి భుజం చూడండి. నాలుగు వేళ్లు కనిపిస్తాయి. మా నలుగురికీ కలిపి ఎనిమిది చేతులు. ఏ చెయ్యి ఎక్కడుందో ఒక్కొక్కటిగా లెక్క పెట్టినాము. ఆ వేళ్లు మావి కావు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది మా పని. తడుముకున్నాము, చెయ్యి దొరికింది. మనిషిని మాత్రం కోసేసినారు.

కొత్త సభ్యులకు చెప్పాల, మేము అంటే రిటైరైన నలుగురం. ఒకడు రైల్వే గుమాస్తా, ఇద్దరు మిల్లు, ఒకడు స్కూలు. అందరం చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చింది అరవై దగ్గర పడినాక, మన సంఘం ఆదివారం క్లాసులో. ఆ రుణం మరిచిపోలేదు. సంఘం నేర్పిన అక్షరాలతోనే సంఘంతో గొడవ పడుతున్నాము.

మాకు షుగరు. డాక్టరు నడవమన్నాడు. రేస్‌కోర్స్‌కు పోయినాము. తెల్లదొరల కాలంలో గుర్రాలు పరుగెత్తిన చోటు అది, ఇప్పుడు చుట్టూ రెండున్నర కిలోమీటర్ల నడక దారి. పొద్దున నాలుగు ముక్కాలుకు మొదలుపెట్టి, చుట్టు అయినప్పుడల్లా "ఒకటి", "రెండు" అని గట్టిగా తెలుగులో లెక్క చెప్పుకొనేవాళ్లం. ఒకరోజు రోడ్డు పక్క చీపురు పట్టుకొని నిలబడిన ఒకతను అడిగినాడు: "సార్, మీరు మనోళ్లా?"

అవును అన్నాము. ఆలోచించకుండా అన్నాము. ఆ మాట పట్టుకొనే ఇదంతా రాస్తున్నాము.

అతనికి నలభై ఒకటి. కాంట్రాక్టు మీద రోడ్లు ఊడ్చే పని. తూయ్మై పణియాళర్ అని గవర్నమెంటు పెట్టిన పేరు బాగానే ఉంది. పేరు మారినా చీపురు అదే. అరుంధతియర్. ఇంట్లో తాతల కాలం నుంచి తెలుగే. చదవడం రాదు, మాట్లాడడం మాత్రం మన కమిటీలో సగం మందికంటే బాగా వస్తుంది. వాళ్ల ఇంట్లో చంటిపిల్ల కూడా అవ్వను "అవ్వా" అనే పిలుస్తుంది. మన ఇళ్లలో మనవళ్లు "పాట్టీ" అంటున్నారు, మనం నవ్వుకుంటున్నాము. కమిటీ మీటింగు ఏ భాషలో జరుగుతుందో మీకు తెలియనిది కాదు.

స్కూల్లో 1500 మీటర్లు పరుగెత్తినాడట. పదో తరగతితో చదువు ఆగింది, పరుగూ ఆగింది. మస్టర్‌కు ముందు గంటసేపు మాతో రమ్మన్నాము. రెండో వారానికి మేము ఒక చుట్టు ముగించేలోపు అతను రెండు ముగించేవాడు. మమ్మల్ని "సార్" అనడం మాని "అన్నా" అనడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

పోయిన ఆగస్టులో ఊరి బయట ఒక ఐదు కిలోమీటర్ల పరుగు. మాకు అదే మొదటిది. నంబరు కాగితం గుండె మీద పిన్నీసులతో గుచ్చుకోవాల, దాని వెనక చిప్ ఉంటుంది, గీత దాటినప్పుడు టైము దానంతట అదే పడుతుంది. బండి ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది అని రాసి రాసి బతికినవాడికి ఇంతకంటే సంతోషం ఏముంది. ఆ రోజు నుంచి అందరి టైములూ ఒక నోటుబుక్కులో ఉన్నాయి. సెప్టెంబరులో పది కిలోమీటర్లు: అతను 44 నిమిషాల 30 సెకన్లు, మాలో ముందు వచ్చినవాడు గంటా పదహారు నిమిషాలు. అతని బూట్లు మా ఇంటి పిల్లవాడు వాడి పడేసినవి, కొనలో గుడ్డ కుక్కి వేసుకున్నాడు.

అక్టోబరులో మదురై. ఇక్కడ మా తప్పు కూడా చెప్పాల. చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు.

మధ్యాహ్నం రైలెక్కి పొళ్లాచ్చి, పళని, దిండిగల్ మీదుగా పోయినాము. దారిలో చిత్రాన్నం, నవ్వులు. మా బంధువుల ఇల్లు తిరుమల నాయకర్ మహాల్‌కు నాలుగు వీధుల అవతల. అక్కడే పడుకోవాలని మాట. వదిన తలుపు తీసి అందరికీ నీళ్లిచ్చి, అతన్ని చూసి మమ్మల్ని అడిగింది: "ఈ తమ్ముడు ఎవరు, మనవాళ్లేనా?"

రేస్‌కోర్స్‌లో అతను అడిగిన ప్రశ్నే అది. మాట ఒకటే, కొలత వేరు. మాలో ఒకడు "కోయంబత్తూరులో మన పక్క వీధి" అన్నాడు. మిగతా ముగ్గురం గోడ మీది క్యాలెండరు చూసినాము. అతను నీళ్ల గ్లాసు కింద పెట్టి, "అన్నా, నాకు స్టేషన్‌లో ఒక తెలిసినవాడు ఉన్నాడు, పొద్దున వస్తా" అని వెళ్లిపోయినాడు. స్టేషన్‌లో అతనికి ఎవరూ లేరు. రాత్రంతా వెయిటింగ్ హాల్‌లో కూర్చొని, మర్నాడు పది కిలోమీటర్లు 46 నిమిషాల్లో పరుగెత్తినాడు. అదొక్కటే సీజన్‌లో అతని టైము పెరిగిన పరుగు. ఆ ఒకటిన్నర నిమిషం మా ఖాతాలో రాసుకున్నాము.

అందువల్ల మేము ఎత్తున నిలబడి మీకు బుద్ధి చెప్తున్నామని అనుకోవద్దు. అదే బురదలో నిలబడి మాట్లాడుతున్నాము.

డిసెంబరులో కోయంబత్తూరు మారథాన్. 2013లో మొదలైంది, క్యాన్సర్ ఫౌండేషన్ పనికి సాయంగా జరుగుతుంది. ఐదు, పది కిలోమీటర్లు ఉన్నాయి, 21.1 ఉంది. మేము ఐదుగురం 21.1కు పేరు ఇచ్చినాము. ఫీజు మేము పంచుకున్నాము. అతనికి ఖర్చు ఫీజుతో అయిపోదు, ఒక పూట పోతే ఆ పూట కూలి పోయినట్టే. పొద్దున మస్టర్ మార్చుకోవడానికి, పరుగు అయినాక రోడ్డు శుభ్రం చేసే జట్టులో దిగుతానని తోటివాళ్లకు మాట ఇచ్చినాడు.

గంటా 41 నిమిషాలు. మాలో ముందు వచ్చినవాడికి రెండు గంటలా 38. మేము గీత దాటేటప్పటికి అతను ఒళ్లు ఆరబెట్టుకొని మా కోసం నిలబడి ఉన్నాడు. అప్పుడు తీసింది ఆ ఫోటో. ఐదుగురం. ఎడమ చివర అతను, పక్కవాడి భుజం మీద అతని చెయ్యి. తీసిన వెంటనే బనియన్ మీద పని చొక్కా తొడుక్కొని పోయినాడు. మేము టిఫిన్ తిని తిరిగి వస్తూ చూసినాము, తాగి పారేసిన కప్పులు, అరటి తొక్కలు ఊడ్చి బస్తాకు ఎత్తుతున్నాడు. మెడల్ చొక్కా జేబులో, రిబ్బన్ కొన బయటికి వేలాడుతూ. ఆ కప్పుల్లో మేము పారేసినవి కూడా ఉన్నాయి.

ఇక ఫ్లెక్స్ సంగతి. అడిగితే మొదట చెప్పినారు, ఫోటో షాపు పిల్లవాడు చోటు చాలక కోసినాడు అని. పదడుగుల ఫ్లెక్స్‌లో చోటు చాలలేదు! మా కుడి పక్క ప్రెసిడెంటు గారి ఫోటో, పోషకుల ఫోటోలు ఆరు ఉన్నాయి, వాళ్లలో ఎవరూ బస్ స్టాప్ దాకా కూడా పరుగెత్తినవాళ్లు కారు.

తర్వాత చెప్పినారు, అతను సభ్యుడు కాదు అని. ఇది నిజం. బైలా తీసి చదివినాము. మాతృభాష తెలుగు అయి ఉండాల, పద్దెనిమిది నిండి ఉండాల, ఇద్దరు సభ్యులు సిఫారసు చేయాల, చందా కట్టాల. నాయుడు అని లేదు, రెడ్డియార్ అని లేదు, చెట్టియార్ అని లేదు. అన్ని రకాల వాళ్లమూ ఉన్నాము కదా, ఏ రకం అని బైలా మమ్మల్ని అడగలేదు.

"వాళ్లకు వాళ్ల సంఘాలు ఉన్నాయి" అని ఒక అన్న. మనకు లేవా? మనలో ప్రతివాడికీ ఒక కుల సంఘం ఉంది, అక్కడ చందా కట్టి ఇక్కడా కడుతున్నాము. ఇక్కడికి వచ్చేది భాష కోసం అని బోర్డు మీద రాసుకున్నాము.

"వాళ్లకు మూడు శాతం ఇచ్చినారు కదా, ఇంకా ఏమి కావాల" అని గ్రూపులో ఒకరు రాసి గంట తర్వాత తీసేసినారు. చదివినవాళ్లం చదివినాము. 2009లో వచ్చిన ఆ లోపలి రిజర్వేషన్ చదువుకూ గవర్నమెంటు ఉద్యోగానికీ. సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో అది చెల్లుతుందని చెప్పింది. పొన్నాడకూ ఫ్లెక్స్‌కూ శాతాలు ఎవరు అడిగినారు? పరుగులో అతనికి ఎవరూ ఒక్క మీటరు తగ్గించలేదు. మాకు కొలిచిన దూరమే అతనికీ కొలిచినారు.

"పోషకులకు మనసు కష్టం అవుతుంది" అన్నది అసలు కారణం అని మా అనుమానం. దీన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు కాబట్టి జవాబు కూడా రాయము.

ప్రతి ఉగాదికీ మన మేడ మీద ఒకే ప్రసంగం. విశ్వనాథ నాయకుడు, తిరుమల నాయకుడు, మహాల్ స్తంభాలు ఎంత లావు. మంచిదే, మేము కూడా చప్పట్లు కొట్టినాము. అయితే మీనాక్షమ్మ గుడి తూర్పు గోపురం వాకిట ఎవరు నిలబడి ఉన్నారు? మదురై వీరన్. మన వయసువాళ్లందరం 1956లో వచ్చిన ఎంజీఆర్ సినిమాను తర్వాత ఎప్పుడో టెంట్ కొట్టాయిలో ఇసుక మీద కూర్చొని చూసినవాళ్లమే. కథలో అతన్ని పెంచింది అరుంధతియర్ దంపతులు. అతను ప్రేమించిన బొమ్మి నాయకర్ ఇంటి బిడ్డ. దొంగల నుంచి ఊరిని కాచినాడు. చివరికి రాజాజ్ఞతో ఒక కాలూ ఒక చెయ్యీ నరికినారు. ఏ రాజు అని అడగండి, మన మేడ మీది ప్రసంగంలో వచ్చే రాజే. తర్వాత గుడి కట్టి మొక్కినారు. నరకడం ముందు, మొక్కడం వెనక. మన ఫ్లెక్స్‌లో కాలూ ముఖమూ పోయినాయి, చెయ్యి మిగిలింది.

ఇంకొక సంగతి, ఇది గ్రీకు దేశంది. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచింది స్పిరిడోన్ లూయిస్ అనేవాడు. ఊళ్లో నీళ్లు మోసి అమ్మేవాడు. ఇప్పటికీ ఆ దేశంవాళ్లు అతని పేరు చెప్పుకుంటారు, పెద్ద స్టేడియానికి ఆ పేరే పెట్టినారు. నీళ్లు మోసేవాడు కదా అని ఫోటో చివర కోయలేదు.

మేము చేసింది చెప్తాము. నలుగురి పొన్నాడలూ మడిచి ఆఫీసులో ఇచ్చేసినాము. అలిగి కాదు. ఐదోది వచ్చినాక అన్నీ కలిపి తీసుకుంటాము. ఫ్లెక్స్‌ను గోడౌన్‌లో చుట్టి పెట్టినారట, మళ్లీ వాడేటట్టయితే ఐదుగురితో కొత్తది వేయండి, లేదంటే మా నలుగురినీ తీసేయండి. ఆ ఖర్చుతో అతని సీజన్ ఫీజులన్నీ కట్టవచ్చని కూడా ఒక మాట. మదురై వదినకు ఫోన్ చేసి అతను ఎవరో చెప్పినాము. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వెయిటింగ్ హాల్‌లో పడుకోబెట్టినారా మీరు, సిగ్గు లేదా" అని మమ్మల్నే తిట్టింది. ఆ తిట్టు కోసం ఆరు నెలలు భయపడినామా అనిపించింది.

అతని సభ్యత్వ దరఖాస్తు సెక్రటరీ అన్న చేతికి ఇచ్చినాము. ఇద్దరి సిఫారసు చాలు, నలుగురం సంతకం పెట్టినాము. చందా డబ్బు కూడా కవర్‌లో ఉంది. రశీదు ఇంకా రాలేదు. జూన్ జనరల్ బాడీలో అది అజెండాలో ఉండాల, చేతులెత్తి ఓటు జరగాల, ఎవరు ఎత్తినారు ఎవరు ఎత్తలేదు అని మినిట్స్ బుక్కులో పేర్లతో రాయాల. వద్దనేవాళ్లు నిలబడి, అతని ముందే, తెలుగులో వద్దనాల. ఆగస్టుకు కొత్త సీజన్ మొదలవుతుంది, దాన్ని అక్టోబరు దాకా లాగవద్దు.

పోస్టు చేసే ముందు దీన్ని అతనికి చదివి వినిపించినాము. "నా కోసం గొడవ ఎందుకన్నా" అన్నాడు. కొంచెం సేపటికి, "ఆ ఆదివారం పొద్దున నాకు డ్యూటీ, మధ్యాహ్నం అయితే వస్తా" అన్నాడు. మీటింగు పొద్దున పదికి పెట్టినారు. మూడు గంటలకు మార్చమని సెక్రటరీ అన్నకు నిన్న వేరే జాబు ఇచ్చినాము.