లైన్ క్లియర్ లేని ఫార్మాట్

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలకూ, ఊళ్ళోని కంప్యూటర్ రిపేరు షాపులవాళ్ళకూ

ఒక రిటైర్డ్ గార్డు గారింట్లో ట్రంకు పెట్టె అడుగున దాచిన 80 జీబీ హార్డ్‌డిస్కు పోయిన నెలలో రిపేరు షాపుకు వెళ్ళింది. కాలనీ ఉగాది నాటకాల వీడియోలు, చీపురుపల్లిలో పెద్దాయన తల్లి ఆఖరి ఏడాది ఫోటోలు, ఆవిడ పాడిన పెళ్ళిపాటలు అందులో ఉన్నాయి. కంప్యూటరు ఆ డిస్కును తెరవడం లేదని మనవడు పట్టుకెళ్ళాడు. కౌంటరు దగ్గరి కుర్రాడు అడాప్టరు తగిలించాడు. తెరమీద చిన్న పెట్టె వచ్చింది: ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా? "ఫార్మాట్ మార్ దేతే హైఁ, ఫిర్ చలేగా" (ఫార్మాట్ కొట్టేద్దాం, అప్పుడు పనిచేస్తుంది) అంటూ అతను పూర్తి ఫార్మాట్ నొక్కేశాడు. ముప్పావు గంట తర్వాత డిస్కు తెరుచుకుంది. లోపల ఏమీ లేదు.

పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు. డిస్కును మళ్ళీ అదే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నారు.

ఇలాంటి కథ లేని వీధి ఇక్కడ లేదు. తోర్వాలో అడిగినా, తార్‌బాహర్‌లో అడిగినా ఎవరో ఒకరు "మాదీ అలాగే పోయింది" అంటారు. అందరూ డిస్కునే తిట్టుకుంటారు. పాతదైపోయింది, ఏం చేస్తాం అంటారు. ఆ మాట తప్పు. ఆ డిస్కు షాపు గుమ్మం తొక్కేదాకా బతికే ఉంది. దాన్ని చంపింది ఒక్క నొక్కు.

ఆ పెట్టెలో వచ్చిన ప్రశ్నకు అసలు అర్థం వేరు. "ఈ డిస్కు విషయసూచిక నాకు అంతుపట్టడం లేదు" అని విండోస్ మొరపెట్టుకుంటోంది. పుస్తకం ముందున్న నాలుగు పేజీలు చిరిగాయి, మిగతా నాలుగొందల పేజీలూ పదిలంగా ఉన్నాయి. అలాంటి పుస్తకాన్ని ఎవరైనా పొయ్యిలో పెడతారా? లినక్స్‌లో గానీ, యాపిల్ కంప్యూటర్లో గానీ రాసిన డిస్కును తగిలించినా విండోస్ చాలాసార్లు ఇదే ప్రశ్న వేస్తుంది. ఆ డిస్కుకు ఏ జబ్బూ ఉండదు.

ఇక్కడ ఇంకో ఘోరం ఉంది, షాపుల్లో చాలామందికి తెలియనిది. ఎక్స్‌పీ రోజుల్లో పూర్తి ఫార్మాట్ చేసినా పాత సమాచారం చాలావరకు డిస్కు మీదే మిగిలేది. విండోస్ సెక్టార్లను తనిఖీ చేసి కొత్త సూచిక రాసి ఊరుకునేది. "ముందు ఫార్మాట్, తర్వాత రికవరీ" అనే షాపు వాడుక ఆ కాలంలో పుట్టింది. 2007లో విస్టా వచ్చాక పద్ధతి మారింది. అప్పటినుంచి పూర్తి ఫార్మాట్ అంటే ఆ భాగం పొడుగునా సున్నాలు రాయడం. ఫోటో ఉన్నచోట సున్నా, పాట ఉన్నచోట సున్నా. సూచికను మాత్రమే మార్చే క్విక్ ఫార్మాట్ అయితే కొంత ఆశ ఉంటుంది. పూర్తి ఫార్మాట్ అయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ, ఎంత డబ్బూ వెనక్కి తేలేవు. ఇన్నేళ్ళు గడిచినా పాత అలవాటుతోనే చెయ్యి నడుస్తోంది.

నిజానికి తెరుచుకోని డిస్కుల్లో చాలావాటికి చిన్న కారణమే ఉంటుంది. పాత మూడున్నర అంగుళాల ఐడీఈ డిస్కుకు 12 వోల్టులు కావాలి. యూఎస్‌బీ తీగ ఇచ్చేది ఐదే. అడాప్టరుతో వచ్చే విడి పవర్ బ్రిక్కు పెట్టకపోతే డిస్కు తిరగనే తిరగదు. వెనకాల జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క మాస్టర్ బదులు స్లేవ్ దగ్గర ఉంటే కొన్ని అడాప్టర్లు డిస్కును గుర్తుపట్టవు. నలభై పిన్నుల్లో ఒకటి వంగిందేమో లైటు వేసి చూడాలి. కొన్నిసార్లు డిస్కు కనబడుతుంది, దానికి డ్రైవ్ లెటర్ ఉండదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం కేటాయిస్తే పని అయిపోతుంది. "యాక్సెస్ డినైడ్" అని వస్తే భయపడాల్సిన పనే లేదు. పాత కంప్యూటర్లోని యూజర్ పేరుమీద ఫోల్డరు ఉంది, అనుమతి మార్చుకుంటే తెరుచుకుంటుంది.

టక్, టక్, టక్ అని ఒకే లయలో చప్పుడు వస్తే మాత్రం వెంటనే పవర్ తీసెయ్యాలి. లోపలి హెడ్డు దారి దొరక్క కొట్టుకుంటోందన్నమాట. ఆ హెడ్డు పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మూత తీసి బల్లమీద పెడితే ఒక్క ధూళి రేణువు చాలు, అంతా గీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టు, మెల్లగా తట్టు అనే సలహాలు ఇచ్చేవాళ్ళను దగ్గరికి రానివ్వకూడదు. అలాంటి డిస్కు మీద విండోస్‌లోని చెక్‌డిస్క్ (CHKDSK) నడపడమూ తప్పే. అది మరమ్మతు పేరుతో చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద రాతలు రాస్తుంది.

తెలుగు ఫైళ్ళకు ఇంకో గండం ఉంది. ఉత్సవాల ఆహ్వానాలు, సంఘాల మినిట్సు, స్మరణికలు ఒకప్పుడు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. తెలుగు రాని షాపు కుర్రాడు "ఫైల్ కరప్ట్ హై" అని తేల్చేస్తాడు. కరప్ట్ కాదు. ఫాంటు పెడితే చదవొచ్చు, యూనికోడ్‌లోకి మారిస్తే ఇకపై ఏ ఫోన్‌లోనైనా చదవొచ్చు.

షాపులవాళ్ళు చెప్పే సాకులకు ఇక కాలం చెల్లింది. టైము లేదంటారు. పూడ్చలేని నష్టం చెయ్యడానికి ముప్పావు గంట దొరికినవాళ్ళకు, ఒక కాగితం మీద సంతకం తీసుకోవడానికి నిమిషం దొరకదా? కస్టమరే చెయ్యమన్నాడంటారు. ఆ మనవడికి ఫార్మాట్ అంటే ఏమిటో తెలియదు, తెలిసిన మనిషి చెప్పలేదు. ఇక పెద్దల సంగతి: ఏటా ఉగాది పందిరికీ సౌండు సెట్టుకూ చందాలు పోగుచేసే సంఘాలు, ఇరవై ఏళ్ళ ఉగాదులు దాచుకున్న డిస్కుల కోసం ఒక్క రూపాయి తియ్యలేదు. పాత ఫోటోలు ఎవరికి కావాలి అనేవాళ్ళకు జవాబు చెబుతూ కూర్చోనక్కర్లేదు.

ఈ ఊరి తెలుగువాళ్ళకు ఆ డిస్కులే దస్తావేజులు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఇక్కడికి చేరాయి. రాయ్‌పూర్, విజయనగరం లైను 1931లో పూర్తయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోను మొదలైంది. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చిన రోజులూ అవే. మనవలు హిందీలో చదువుకుంటున్నారు. అమ్మమ్మ తెలుగు ఎలా ఉండేదో వాళ్ళు వినాలంటే ఆ రికార్డింగే దిక్కు.

నకలు విలువ తెలుగువాళ్ళకు కొత్తగా నేర్పక్కర్లేదు. కడపలో సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు. వేమన పద్యాల ప్రతులు పోగేసి, పోల్చి 1829లో అచ్చువేయించాడు. ముందు నకలు, తర్వాతే దిద్దుబాటు. ఇక డిస్కు ఎంత గట్టిదో చూడండి. 2003 ఫిబ్రవరి 1న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా ఆకాశంలో ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు. నౌకలో చేసిన ఒక ప్రయోగం వివరాలున్న హార్డ్‌డిస్కు కాలి మాడి శిథిలాల్లో దొరికింది. నిపుణులు అందులోంచి 99 శాతం దాకా సమాచారం బయటికి తీశారు, ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అంతటి మంటలో మిగిలింది బిలాస్‌పూర్ కౌంటరు మీద మిగలకపోవడానికి కారణం డిస్కు కాదు.

ముందు స్టేషను లైన్ క్లియర్ ఇవ్వనిదే బండి కదలకూడదని రైల్వే ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫార్మాట్‌కూ అదే నిబంధన పెట్టాలి. "ఇది చేస్తే లోపలున్నదంతా పోతుంది" అని తెలుగులోనూ హిందీలోనూ అచ్చువేసిన చీటీ మీద ఇంటిపెద్ద సంతకం లేకుండా ఏ షాపూ ఫార్మాట్ చెయ్యకూడదు. ఒప్పుకోని షాపుకు ఏ తెలుగు కుటుంబమూ డిస్కు ఇవ్వకూడదు.

సంఘాలు ఈ ఏడాది పందిరి ఖర్చులో కోత పెట్టి పాత డిస్కులకు నకళ్ళు తీసే ఒక బల్ల ఏర్పాటు చెయ్యాలి. పెద్ద సామానేమీ అక్కర్లేదు. ఐడీఈ పోర్టున్న పాత కంప్యూటరు, 12 వోల్టుల అడాప్టరు, లినక్స్, రెండు కొత్త డిస్కులు. డిస్కుకు నకలు తీసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ సాఫ్ట్‌వేరు ఉచితం. అది బాగున్న భాగాలను ముందు చదివి, చెడ్డచోట్లను గుర్తుపెట్టుకుని చివర్లో మళ్ళీ ప్రయత్నిస్తుంది. అలా తీసిన నకలు మీదే, పోయిన ఫైళ్ళను వెతికే టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ నడపాలి, అసలు డిస్కును మళ్ళీ ముట్టుకోకూడదు. 80 జీబీ డిస్కు మొత్తం 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. టక్ టక్ అనే డిస్కులను మాత్రం ఆ బల్ల మీద పెట్టకుండా నిపుణుల ల్యాబుకు పంపాలి, ఖర్చు భరించలేని ఇంటికి సంఘమే సాయం చెయ్యాలి. కాలనీల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఉన్నారు, ఆదివారం మూడు గంటలు కూర్చుంటే చాలు. మే నెలలో 45 డిగ్రీల దాకా కాగే ఈ ఊళ్ళో రేకుల పెట్టెలో పెట్టిన డిస్కు ఇంకెన్ని వేసవులు ఆగుతుంది?

ఆ గార్డు గారింట్లో ఇంకో డిస్కు ఉంది. అంతకు ముందటి కంప్యూటరుది, 40 జీబీ. తల్లిగారి పాట దాంట్లో కూడా ఒకటి ఉండొచ్చని పెద్దాయన ఆశ. ఇంతవరకు దాన్ని ఎవరూ ఏ అడాప్టరుకూ తగిలించలేదు. ఆ బల్ల మీదికి మొదటి ఆదివారం రావలసింది అదే.