గేరు తగ్గించడం వస్తేనే డ్రైవింగ్ వచ్చినట్టు

కారు నడపడం వచ్చా అని ఇంటర్వ్యూలో అడిగితే, లైసెన్సు చూపించి వచ్చు అనేస్తాం. గేరు పెంచడం ఎవరికైనా వస్తుంది. తగ్గించేటప్పుడే అసలు సంగతి తేలిపోతుంది.

అమలాపురం నుంచి రాజోలు వెళ్తూ బోడసకుర్రు వంతెన దిగేటప్పుడు గమనించండి. నాలుగో గేరు నుంచి మూడుకు మార్చి క్లచ్ టక్కున వదిలితే బండి ఒక్క కుదుపు కుదుపుతుంది. ఎందుకంటే అదే వేగంలో కింది గేరుకు ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరగాలి. నాలుగులో నిమిషానికి 2,000 ఉంటే, మూడులో సుమారు 2,800 కావాలి. ఆ తేడా మీరు పూడ్చకపోతే చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి. క్లచ్ ప్లేటు అరుగుతుంది. వానలో అయితే టైర్లు జారొచ్చు కూడా.

చేయాల్సింది ఇంతే. ముందు బ్రేకుతో వేగం తగ్గించండి. క్లచ్ నొక్కి మూడో గేరు వేయండి. యాక్సిలరేటర్‌ను కొంచెం తాకి, క్లచ్ మెల్లగా వదలండి. దిగుడులో న్యూట్రల్ మాత్రం వద్దు. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ట్యాక్సీ అయినా, చిన్న సరుకు బండి అయినా మీకూ దారి ఉంది. కానీ ట్రయల్‌కు పక్కన కూర్చునే యజమాని కార్డు చూడడు, కుదుపు చూస్తాడు. రేపు పొద్దున్నే, రద్దీ లేని రోడ్డు మీద, బాగా నడపడం వచ్చినవాళ్లను పక్కన పెట్టుకుని ఇరవైసార్లు గేరు తగ్గించి చూడండి.