రెండవ స్తనమును గూర్చిన తీర్పు ఎవరిది?

స్త్రీ పేరనున్న పొలమును విక్రయింపవలెనన్న ఆమె సంతకము లేనిదే రిజిస్ట్రారు ఒప్పుకొనడు. ఆమె దేహమునందలి యొక యవయవమును కోసివేయవలెనన్నచో మాత్రము భర్తయో, అన్నయో, కుమారుడో ఆసుపత్రి వసారాలో నిలువబడి తల యూచిన చాలునని మనలో ననేకులు నేటికిని భావించుచున్నారు. ఈ దురాచార మెంత లోతుగా వేరు పాతుకొన్నదో తెలియగోరువారు, స్తనమునకు క్యాన్సరు సోకిన స్త్రీల యిండ్లలో జరుగు ఆలోచనలను గమనింతురు గాక. వ్యాధి సోకిన రొమ్మునకు చికిత్స తప్పదు. అందు వివాదము లేదు. ఆరోగ్యముగానున్న రెండవ రొమ్మును గూడ ముందు జాగ్రత్తకై తీసివేయవలెనా, వలదా? ఆ తీర్పు చెప్పవలసినవా రెవరు? ఇదియే మా ప్రస్తుత విషయము.

ఈ సందర్భమున ఇంటిలో వినబడు మాటలు రెండు విధములు. "పీడా విరగడగును, రెండును తీయించివేయుడు" అనునది మొదటిది. "వయసు మళ్లినది, పిల్లలు పెద్దవారైరి, ఇక దానితో నేమి పని?" అనునది రెండవది. మొదటి మాట భయమునుండి పుట్టినది. రెండవది భయముకంటెను నీచమైన దానినుండి పుట్టినది. బిడ్డకు పాలిచ్చుటకును, మగని కంటికింపు గూర్చుటకును తప్ప స్త్రీ యవయవమునకు వేరు ప్రయోజనము లేదనియు, అది ఆమె దేహమునందు ఆమెదై యుండుట లెక్కలోనికి రాదనియు దాని యర్థము. ఇట్టి మాట లాడువారు తమ కాలి చిటికెన వ్రేలినైనను నిష్ప్రయోజనమని కోయించుకొందురా?

మేము వైద్యులము గాము. పిల్లలకు పాఠములు చెప్పుకొని బ్రతుకువారము. అయినను నూటికి ఏడనగా నెంతయో తెలియుటకు వైద్యశాస్త్ర మక్కరలేదు. టొరంటోలోని పరిశోధకులు అమెరికా దేశపు స్త్రీల వివరములను పరిశీలించి 2024లో ఒక లెక్కను ప్రకటించిరి. గడ్డను మాత్రమే తీయించుకొన్నవారు, వ్యాధి సోకిన రొమ్మును తీయించుకొన్నవారు, రెండు రొమ్ములను తీయించుకొన్నవారు అని మూడు తెగలు. ఒక్కొక్క తెగలో 36 వేలకు పైబడిన స్త్రీలు. 20 ఏండ్లలో రెండవ రొమ్మున క్యాన్సరు పుట్టినవారు మొదటి రెండు తెగలలో నూటికి సుమారు 7 గురు. మూడవ తెగలో అట్టివారు మిక్కిలి స్వల్పము. ఇంతవరకు కత్తియే గెలిచినది. కాని ఆ 20 ఏండ్లలో స్తన క్యాన్సరుచే మరణించినవారో? మూడు తెగలలోను నూటికి 16, 17 గురే!

ఇది వింతగా దోచవచ్చును గాని కారణము సులభము. రొమ్మున నున్నంతకాలము క్యాన్సరు ప్రాణము తీయదు. ఊపిరితిత్తులకు, కాలేయమునకు, ఎముకలకు, మెదడునకు ప్రాకినప్పుడు తీయును. అట్లు ప్రాకునది సాధారణముగా మొదట పుట్టిన క్యాన్సరే. రెండవ రొమ్మున తరువాత కనబడునది తరచుగా వేరుగా పుట్టిన క్రొత్తది. దానిని ఏటేట పరీక్షలతో పసిగట్టవచ్చును. కొందరికి మొదటి వ్యాధికై యిచ్చు టామాక్సిఫెన్ వంటి మందులే దాని యవకాశమును తగ్గించును. కావున ఆరోగ్యముగానున్న రొమ్మును తీసివేసినచో రెండవ వ్యాధి తప్పవచ్చును గాని, మొదటి వ్యాధివలని యపాయము తగ్గదు. పైగా రెండు గాయములు, ఎదపై స్పర్శ నశించుట, గాయము మానుట యాలస్యమైనచో మొదటి వ్యాధికి కావలసిన మందులు వెనుకబడుట - ఈ నష్టములను గూడ తక్కెడలో వేయవలయును.

అయితే అందరికిని ఒకే లెక్క కాదు. 1994లో బీఆర్‌సీఏ1, 1995లో బీఆర్‌సీఏ2 అను జన్యువుల గుట్టు బయటపడినది. వీనిలో లోపము వంశమున సంక్రమించిన స్త్రీకి ఒక రొమ్మున క్యాన్సరు వచ్చినచో, 20 ఏండ్లలో రెండవదానికి వచ్చు నవకాశము మొదటి జన్యువు విషయమున నూటికి సుమారు 40, రెండవ దాని విషయమున సుమారు 26 అని 2017లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. అట్టి స్త్రీ రెండవ రొమ్మును తీయించుకొనుట వివేకమే కావచ్చును. 2013లో ఏంజెలీనా జోలీ అను సినిమా నటి, క్యాన్సరు రాకముందే తన రెండు రొమ్ములను తీయించుకొన్నట్లు బహిరంగముగా వ్రాసెను. ఆమెకు బీఆర్‌సీఏ1 లోపము గలదు. ఆమె తల్లి అంతకు ముందే క్యాన్సరుతో మరణించెను. ఆ నటి ధైర్యమును స్మరించువారు ఆ జన్యువు మాటను మరువరాదు.

ఇచ్చట మన సంఘపు రోగ మింకొకటి బయటపడును. జన్యుపరీక్ష చేయించినచో కుమార్తెకు పెండ్లి కాదని భయపడి దానిని వద్దను తలిదండ్రులును, చేయించియు ఫలితమును దాచువారును లేకపోలేదు. ఈ లోపము తల్లినుండియే గాక తండ్రినుండియు రాగలదు. కొడుకునకైనను కూతునకైనను సంక్రమించుటకు సగము సగ మవకాశము గలదు. కోడలి పుట్టింటిని నిందించు అత్తగారు తన కుమారుని రక్తమును గూడ పరీక్షింపజేయుట న్యాయము. దాచిన సత్యము సంబంధమును నిలుపవచ్చునేమో గాని ప్రాణమును నిలుపదు.

ఒకరి దేహమును గూర్చి మరియొకరు తీర్పు చెప్పుట మనయొద్దనే పుట్టిన దోషము గాదు. అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 19వ శతాబ్దపు తుదిని ప్రచారమునకు దెచ్చిన పద్ధతి ప్రకారము, రొమ్ముతోపాటు ఎద కండరములను గూడ తీసివేయుట దశాబ్దముల తరబడి సాగెను. గడ్డ యెట్టిదో తెలియకయే స్త్రీ మత్తులోనికి పోవును; మేల్కొనిన తరువాతగాని రొమ్మున్నదో లేదో యెరుగదు. 1974లో రోజ్ కుష్నర్ అను పత్రికా రచయిత్రి ఈ పద్ధతికి లోబడనని నిలిచెను. మొదట పరీక్ష, పిదప ఆలోచన, ఆ పిదపనే చికిత్స యని ఆమె వాదము. 1979లో ఆ దేశపు ప్రభుత్వ వైద్యసంస్థ కూర్చిన పండిత సభలో ఆమెయు సభ్యురాలై యుండగా, ఆ సభ అదే సిద్ధాంతము చేసెను. 1985లో బెర్నార్డు ఫిషరు పరిశోధనలు, గడ్డను మాత్రమే తీసి కిరణ చికిత్స చేసినను ఆయుర్దాయము తగ్గదని తేల్చెను. ఎక్కువ కోసిన నెక్కువ బ్రతుకుననెడి నమ్మక మట్లు కూలినది. అదే నమ్మకము నేడు రెండవ రొమ్ము రూపమున మరల తల యెత్తుచున్నది.

మన దేశమున ధర్మము స్పష్టముగనే యున్నది. మత్తులోనున్న యొక స్త్రీకి, ఆమె తల్లి సమ్మతిని మాత్రమే తీసికొని, గర్భాశయమును తొలగించిన వ్యవహారమున 2008లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ప్రాణమున కప్పటికప్పుడు ముప్పు లేనప్పుడు, వయసు వచ్చిన రోగి సమ్మతికి తల్లి సమ్మతియు బదులు గాదని దాని సారాంశము. తల్లికే లేని యధికారము బావమరదికి, పెదతండ్రికి ఎక్కడిది?

ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొన్నట్లని, రెండవ రొమ్మును తీయించుకొన్న స్త్రీని హేళన చేయువారును గలరు. ఆ హేళన మాకు సమ్మతము గాదు. లెక్కలన్నియు విని, ఏటేట పరీక్షకై నిరీక్షించు దినముల నిద్రలేమి తనకు వలదని ఒకతె తీయించుకొనవచ్చును. అవే లెక్కలు విని మరియొకతె ఉంచుకొనవచ్చును. ఇరువురును వివేకవతులే. తెలియక తీయించుకొనుటయు, చెప్పనీయక తీయించుటయు మాత్రమే మేము గర్హించునవి.

వైద్యులారా! "మీ యిష్టము" అని కాగితము చేతికిచ్చుట ఉపదేశము గాదు. ఆమె వయసునకు, ఆమె వ్యాధికి, ఆమె వంశమునకు తగిన లెక్కను తెలుగున చెప్పుడు. వ్యాధి సోకిన రొమ్మునకు చికిత్స ఆలస్యము కారాదు గాని, రెండవదాని తీర్పునకు తొందర లేదు. చికిత్స ముగిసిన పిదప నైనను అది చేయవచ్చునని చెప్పుడు. కుటుంబ పెద్దలారా! ఆమె యడిగిన ప్రశ్నలకు మీరు సమాధానము చెప్పకుడు. మీ భయమును ఆమె నోట పలికింపకుడు. కొంతసేపు గది వెలుపల కూర్చుండుడు. ఆమె వైద్యునితో మాటలాడి వచ్చి ఏమి చెప్పునో దానిని శిరసావహించుడు.