గోళీ మనకు, లాభం సేఠ్‌కు!



భీవండిలోనైనా, షోలాపూర్‌లోనైనా సాంచాల మీద పనిచేసే మనవాళ్ల జేబు తడిమి చూడండి. తంబాకు పొట్లం పక్కనే గ్యాస్ గోళీల షీటు దొరుకుతుంది. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, గొంతులోకి ఎగదన్నే చేదు. వీటన్నిటికీ మనం పెట్టుకున్న పేరు గ్యాస్. "కారం తగ్గించుకోండి" అని సేఠ్‌లు ఉపదేశిస్తారు. తప్పు మన నాలుకదట!

మరి పన్నెండు గంటల పాళీ ఎవరిది? మీటరు లెక్కన కూలి. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. అందుకే మధ్యాహ్నం తీయాల్సిన డబ్బా మూత సాయంత్రానికి గాని తీయం. అందాకా చాయ్ మీద చాయ్. రాత్రిపాళీ దిగి, బిస్సీలో ఆకలి మీద గబగబా తిని, వెంటనే ఖోలీలో నడుం వాలుస్తాం. తిన్నవెంటనే పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకి తంతుంది. తంబాకు తప్పేమీ లేదని మేమనం. కానీ నిద్ర ఆపుకోవడానికి దాన్ని నమిలిస్తున్నదీ ఆ పన్నెండు గంటలే.

ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించరాదనీ, కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 2025 నవంబరులో పాత చట్టాలు పోయి కోడ్‌లు వచ్చాయి. ఒకే షెడ్డును నాలుగు పేర్ల మీద చీల్చి చూపించే సేఠ్‌కు అప్పుడూ చట్టం అడ్డం రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. ఆ అరగంట బదులు మనకు దక్కింది ఒక గోళీ!

గోళీ చెడ్డదని మేమనడం లేదు. కడుపులో పుండున్నవాడికి ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ ప్రాణం నిలిపే మందులే. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడమంటారు. మనం ఏళ్ల తరబడి మింగుతున్నాం. కొందరికి తలనొప్పి, విరేచనాలు, మలబద్ధకం వస్తాయి. దీర్ఘకాలం వాడితే బి12 విటమిన్ తగ్గి చేతులు, కాళ్లు తిమ్మిరెక్కవచ్చు. తెగిన పోగు అతకలేని వేళ్లతో నేత కార్మికుడు ఏం చేసి బతకాలి? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎముకలు విరిగే ముప్పు గురించి 2010లో, మెగ్నీషియం పడిపోవడం గురించి 2011లో, తీవ్రమైన విరేచనాల గురించి 2012లో హెచ్చరించింది. ఇవి అందరికీ రావు. కానీ పరీక్ష లేకుండా ఏళ్లకేళ్లు మింగేవాడికి ఏం వచ్చిందో కనిపెట్టేవాడెవడు? డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందులివి. దుకాణంలో మాత్రం బిస్కెట్ల మాదిరి అమ్ముతున్నారు.

అలాగని ఈ రోజే గోళీ పారేయకండి! చాలాకాలం వాడి ఒక్కసారిగా మానితే ఆమ్లం మరింత ఊరి, కొన్నాళ్లు మంట రెట్టింపవుతుంది. జబ్బు తిరగబెట్టిందని భయపడి మళ్లీ షీటు కొంటాం. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించాలి. పుండు ఉన్నవాళ్లు, నొప్పి గోళీలు గాని ఆస్పిరిన్ గాని వాడేవాళ్లు సొంతంగా అసలు మానకూడదు. వేసుకునేవాళ్లు తిండికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకూడదు. తల వైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాలి. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగలేకపోవడం, బరువు తగ్గడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ నొప్పి ఎడమ చేతికి పాకి చెమటలు పడితే గ్యాస్ అనుకుని గోళీ వేసుకుని కూర్చోకండి. అది గుండెపోటు కావచ్చు!

తిన్నాక పడుకోవద్దని మేము రాయగలం. కానీ పన్నెండు గంటలు నిలబడినవాడు పడుకోక ఏం చేస్తాడు? అందుకే మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి పాళీలో కూలి కోత లేని అరగంట తిండి విరామం. ఆ సేపు సాంచా చూడటానికి బదిలీ మనిషి.

2. ఎనిమిది గంటల పాళీ, దానితో బతకగలిగే మీటరు రేటు.

3. ప్రతి కార్మికుడికీ ఈఎస్ఐ కార్డు. ఏళ్ల తరబడి గోళీలు వాడినవాళ్లకు బి12, మెగ్నీషియం పరీక్షలు.

సాంచాకు నూనె పోయడానికి ఆపే సేఠ్, మనిషి అన్నం తినడానికి ఎందుకు ఆపడు? వచ్చే గేటు మీటింగులో ఈ ప్రశ్న అందరం ఒక్క గొంతుతో అడుగుదాం!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!