కడుపుకోతకూ చట్టంలో చోటుంది

చదువుకోవడానికి పంపిన బిడ్డ హాస్టల్ గదిలో చనిపోయాడన్న కబురు అందుకుని తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చేసరికి చాలా పనులు జరిగిపోయి ఉంటాయి. శవపంచనామా సగం రాసి ఉంటుంది. గదికి తాళం పడి ఉంటుంది. మరణానికి ‘వ్యక్తిగత కారణాలు’ అన్న పేరు కూడా ఖాయమై ఉంటుంది. చూపించిన చోట సంతకం పెట్టి శవాన్ని తీసుకుపోవడమొక్కటే వారికి మిగులుతుంది. ఆ తల్లిదండ్రులు దళితులో ఆదివాసులో అయితే ఈ తొందర మరింత ఎక్కువ. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే వ్యక్తిగా నేను అడగదలచుకున్నది ఒకటే: ఈ దేశపు చట్టం కన్నవాళ్లకు ఇచ్చింది నిజంగా ఇంతేనా?

కాదు. నేరం వల్ల నష్టపోయిన వ్యక్తితోపాటు సంరక్షకులను, చట్టబద్ధ వారసులను కూడా ‘బాధితులు’ అనే నిర్వచనంలోకి తెచ్చిన నేరశిక్షాస్మృతి సవరణ 2009 చివర అమలులోకి వచ్చింది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా దాన్ని కొనసాగించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. 2016 జనవరి 26న, అంటే రోహిత్ వేముల మరణించిన తొమ్మిది రోజులకు అమలులోకి వచ్చిన సవరణ ఆ చట్టంలో 15ఏ సెక్షన్‌ను చేర్చింది. దాని ప్రకారం బాధితులకు, వారి మీద ఆధారపడిన వారికి ప్రతి విచారణ గురించీ ముందుగా తెలియజేయాలి. బెయిలు ఇచ్చేటప్పుడు, నిందితులను కేసు నుంచి తప్పించేటప్పుడు, శిక్ష విధించేటప్పుడు వారి మాట వినాలి. ఇది దయ కాదనీ తప్పనిసరి అనీ హరిరాం భంభీ కేసులో 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హతుడి సోదరుడికి నోటీసు లేకుండా ఇచ్చిన బెయిలును ఆ కేసులో రద్దు చేసింది.

పోలీసులు కేసు మూసేస్తామన్నప్పుడు కూడా కుటుంబం నోరు మూసుకోవలసిన పని లేదు. ఫిర్యాదు చేసిన వ్యక్తికి నోటీసు ఇచ్చి, వాదన విన్న తర్వాతే మేజిస్ట్రేటు ఆ నివేదికను ఆమోదించాలని భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కాలిన గాయాలతో మరణించిన కూతురి కోసం ఒక తండ్రి చేసిన పోరాటం నుంచి వచ్చిన తీర్పు అది.

మరి ఇన్ని హక్కులుండీ కన్నవాళ్లు ఎందుకు ఓడిపోతున్నారు? ఈ హక్కులన్నీ ఎఫ్ఐఆర్ అనే గడప దాటిన తర్వాతే మొదలవుతాయి కాబట్టి. ఆ గడప దగ్గరే వారిని ఆపేస్తున్నారు. 2023లో ఢిల్లీ ఐఐటీలో రెండు నెలల వ్యవధిలో ఇద్దరు దళిత విద్యార్థులు మరణించారు. కులవివక్ష జరిగిందని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, పోలీసులు శవపంచనామా విచారణతోనే సరిపెట్టారు. ఆ కుటుంబాలు సుప్రీంకోర్టు దాకా వెళితే తప్ప ఎఫ్ఐఆర్ నమోదుకు ఆదేశం రాలేదు. 2025 మార్చి 24న ఇచ్చిన ఆ తీర్పు, జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన విద్యార్థుల మరణాలపై జాతీయ కార్యదళాన్ని కూడా ఏర్పాటు చేసింది. మన విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో మరణించిన ఉదంతంలో చర్చ కులం గురించి కాదు. కానీ ఆ తండ్రి నడిచిన దారి ఇదే. హైకోర్టు కాదన్న సీబీఐ దర్యాప్తును 2025 జూలైలో సుప్రీంకోర్టు మంజూరు చేసింది. రెక్కాడితే గాని డొక్కాడని తల్లిదండ్రుల్లో ఢిల్లీ దాకా వెళ్లగలిగేవారు ఎందరు?

దళిత కుటుంబానికి ఇంకో గడప కూడా ఉంది. బిడ్డ మరణం మీద దర్యాప్తు అడిగితే బిడ్డ కులం మీద దర్యాప్తు మొదలవుతుంది. రోహిత్ కేసులో జరిగింది అదే. 2024 మేలో వెలుగులోకి వచ్చిన పోలీసుల ముగింపు నివేదిక, అతను ఎస్సీ కాదని తేల్చి, అసలు కులం బయటపడుతుందన్న భయాన్ని మరణానికి ముడిపెట్టింది. రాధిక వేముల, విద్యార్థులు అభ్యంతరం చెప్పాక తదుపరి దర్యాప్తుకు కోర్టును అనుమతి కోరతామని డీజీపీ ప్రకటించవలసి వచ్చింది. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డకు తండ్రి కులమే వస్తుందని కళ్లు మూసుకుని తీర్మానించకూడదనీ, తల్లి సమాజంలో పెరిగి ఆ అవమానాలు పడ్డానని నిరూపించుకునే అవకాశం ఉందనీ 2012లోనే సుప్రీంకోర్టు రమేశ్‌భాయ్ నాయికా కేసులో చెప్పింది. ఒంటరిగా బిడ్డలను పెంచిన తల్లి తన కులాన్ని రుజువు చేసుకోలేక పదేళ్లుగా బోనులో నిలబడినట్లు నిలబడింది.

ప్రతి ఆత్మహత్యకూ ఎఫ్ఐఆర్ పెడితే అధ్యాపకులు పాఠం చెప్పడానికే భయపడతారని నా సహోద్యోగులు కొందరు అంటారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. అయితే ఎఫ్ఐఆర్ తీర్పు కాదు, దర్యాప్తుకు తొలి మెట్టు మాత్రమే. తప్పు చేయని అధ్యాపకుణ్ని కాపాడేది కూడా సక్రమమైన దర్యాప్తే గాని, హడావిడిగా మూసిన ఫైలు కాదు. ఎవరి పేరూ తేలకుండా మూసేసిన ఫైలు అందరి మీదా అనుమానాన్ని మిగులుస్తుంది.

అందుచేత మన రెండు తెలుగు ప్రభుత్వాలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. విద్యాసంస్థలో మరణం సంభవిస్తే తల్లిదండ్రులు వచ్చేవరకు గదిని, ఫోనును, హాజరు పుస్తకాలను, ఇచ్చిన ఫిర్యాదులను భద్రపరచాలి. వారి హక్కులను తెలుగులో రాసిన కాగితాన్ని తొలిరోజే చేతికివ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాది ఆ కుటుంబం వెతుక్కుంటూ వెళ్లేదాకా ఆగకుండా తానే రావాలి. కులధ్రువీకరణ పత్రం అమలులో ఉన్నంతకాలం దర్యాప్తు దాన్ని అంగీకరించే సాగాలి. అభ్యంతరాలుంటే వాటికి వేరే విచారణ ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదుకు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ సెక్షన్ చెబుతూనే ఉంది. విధిని కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి 4వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంది. ఆ సెక్షన్‌ను వాడే ధైర్యమే కావాలి.

రాధిక వేముల, ముంబైలో మరణించిన ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి తల్లి ఆబేదా తడ్వి కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. విశ్వవిద్యాలయాల్లో వివక్షను అరికట్టే నిబంధనలు అమలు కావాలన్నదే వారి వేడుకోలు. పోయిన బిడ్డలకు ఆ నిబంధనలు ఉపయోగపడవని తెలిసే, ఉన్న బిడ్డల కోసం అడిగారు.

విద్యార్థులకు ఒక మాట. కొవ్వొత్తుల ప్రదర్శన చేయండి, కాదనను. దానికన్నా ముందు ఆ ఊరి నుంచి వచ్చిన తల్లి పక్కన కూర్చోండి. ఏమి రాశారో చదివి వినిపించే దాకా సంతకం పెట్టవద్దని చెప్పండి. ఫిర్యాదు ఆమె మాటల్లోనే రాసిపెట్టండి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇప్పించుకుని ఆమె చేతిలో పెట్టండి.