కార్ల కంపెనీ మునిగితే సర్కారు ఆదుకోవాలా?

ప్రపంచంలో పెద్ద పెద్ద కార్ల కంపెనీలకు గడ్డుకాలం నడుస్తోంది. జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకునేలా 2024 డిసెంబర్‌లో యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. జపాన్ కంపెనీ నిస్సాన్ 2025 మేలో 20 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. ఒకపక్క చైనా ఎలక్ట్రిక్ కార్ల పోటీ, ఇంకోపక్క అమెరికా సుంకాలు. దాంతో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. మునిగిపోయే కంపెనీని జనం డబ్బుతో కాపాడాలా?

వద్దనేవాళ్ల వాదన న్యాయమైనదే. లాభాలొస్తే వాటాదారులు పంచుకుని, నష్టాలొస్తే జనం నెత్తిన వేస్తే ఎలా? కావాలనేవాళ్ల మాటలోనూ నిజముంది. సీట్లు, బ్రేకులు, అద్దాలు చేసే చిన్న యూనిట్లు ఎన్నో ఆ కంపెనీ మీదే బతుకుతాయి. 2008లో ఫోర్డ్ అత్యవసర రుణం తీసుకోలేదు. అయినా పోటీ కంపెనీలను ఆదుకోవాలని అమెరికా కాంగ్రెస్‌ను కోరింది. జనరల్ మోటార్స్ పడిపోతే ఇద్దరికీ విడిభాగాలిచ్చే సప్లయర్లూ మూతపడతారని, అప్పుడు తన కార్ఖానా కూడా ఆగిపోతుందని దాని భయం.

అమెరికా లెక్క

జనరల్ మోటార్స్‌లో అమెరికా సుమారు 4,950 కోట్ల డాలర్లు పెట్టింది. ఊరికే ఇవ్వలేదు. 2009 మార్చిలో కంపెనీ అధిపతి రిక్ వాగనర్‌ను తప్పించింది. జూన్ 1న కంపెనీ దివాలా కోర్టుకెళ్లింది. పాత వాటాదారులకు ఏమీ మిగల్లేదు. కొత్త కంపెనీలో దాదాపు 61 శాతం వాటా సర్కారు తీసుకుంది. 2013 డిసెంబర్‌లో చివరి షేరు అమ్మేసింది. చివరికి తేలిన నష్టం సుమారు 1,120 కోట్ల డాలర్లు.

పుస్తకాల్లో చూస్తే నష్టమే. కానీ లక్షల మంది ఒక్కసారే రోడ్డున పడితే ఇవ్వాల్సిన భృతి, ఆగిపోయే పన్నులు ఆ పుస్తకంలో కనిపించవు. అలాగని కార్మికులు సుఖపడ్డారనీ కాదు. చాలా ప్లాంట్లు మూతపడ్డాయి. కొత్తగా చేరినవాళ్లు అదే పనికి పాతవాళ్ల కంటే బాగా తక్కువ జీతానికి చేశారు.

మన దగ్గర ఏం జరిగింది?

మారుతి కథ కూడా ఒక రక్షణ కథే. కార్లు తయారు చేయలేక దివాలా తీసిన మారుతి లిమిటెడ్‌ను కేంద్రం 1980లో స్వాధీనం చేసుకుంది. 1981లో కొత్త కంపెనీ పెట్టి, 1982లో సుజుకిని భాగస్వామిగా తెచ్చింది. 1983 డిసెంబర్‌లో మొదటి కారు రోడ్డెక్కింది. 2007లో మిగిలిన వాటా కూడా అమ్మేసి సర్కారు బయటికొచ్చింది.

ఇక అంబాసిడర్ సంగతి. లైసెన్స్ రాజ్‌లో హిందుస్థాన్ మోటార్స్‌కు పెద్దగా పోటీయే లేదు. సర్కారీ ఆఫీసులే పెద్ద గిరాకీ. ఇంత అండ ఉన్నా కారును మార్చాలన్న బలవంతం ఎవరూ పెట్టలేదు. చివర్లో ఉత్తర్‌పారా ప్లాంటును నిలబెట్టుకోవడానికని భూమి అమ్ముకునేందుకు బెంగాల్ సర్కారు అనుమతిచ్చింది. భూమి పోయింది, ప్లాంటూ మిగల్లేదు. 2014 మేలో పని ఆపేశారు. రెండు వేలకు పైగా కార్మికుల బతుకులు గేటు బయట పడ్డాయి. 2017లో అంబాసిడర్ పేరు 80 కోట్లకు ప్యూజో కంపెనీ చేతికెళ్లింది.

తేడా డబ్బులో లేదు, షరతుల్లో ఉంది. మారుతికి కొత్త యాజమాన్యం, కొత్త టెక్నాలజీ వచ్చాయి. అంబాసిడర్‌కు నీడ మాత్రమే దొరికింది.

అందుకే ఆదుకోవచ్చు, కానీ యజమానిని కాదు. ముందు నష్టపోవాల్సింది వాటాదారులు. ఆ తర్వాత మేనేజ్‌మెంట్ మారాలి. జనం డబ్బుకు బదులుగా జనానికి వాటా రావాలి. కార్మికుల జీతం, పీఎఫ్ బకాయిలు అందరికంటే ముందు తీర్చాలి. సర్కారు ఎప్పుడు బయటికొస్తుందో మొదటిరోజే రాసుకోవాలి.

ఇంకో మాట. కార్ల మీద బతికేది కంపెనీలే కాదు. మన బస్తీల్లో మెకానిక్ షెడ్లు, డెంటింగ్, పెయింటింగ్ చేసే కుర్రాళ్లు ఎంతమందో! ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఇంజిన్ పని, ఆయిల్ మార్పిడి తగ్గిపోతాయి. పెద్ద కంపెనీ కష్టాల్లో పడితే ఢిల్లీలో మీటింగ్ పెడతారు. షెడ్డు కష్టాల్లో పడితే షట్టర్ దించుకోవడమే. ప్యాకేజీ గురించి మాట్లాడేటప్పుడు ఈ కుర్రాళ్లకు కొత్త పని నేర్పే ఖర్చు కూడా అందులో రాయాలి.