పిట్టగోడకు ముందు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలనిరి. ఆ సామెతలో ఇల్లు కట్టువాడనగా ఇంటి యజమానియే. అతడు చేసిన అప్పులు, ఇటుకకు ఇసుకకు తిరిగిన తిరుగుళ్ళు, మేస్త్రితో పడిన తగవులు అందు గర్భితములై యున్నవి. గోడపై నిలిచి ఇటుక పేర్చిన తాపీ పనివాడును, తట్ట నెత్తిన పెట్టుకొని వాలుగా వేసిన బల్లపై ఎక్కిన కూలి స్త్రీయు ఆ సామెతలో లేరు. సామెతలో లేకున్నను లోపము లేదు. ఇంటి అంచనా లెక్కలలో సైతము వారి ప్రాణరక్షణకు ఒక పద్దు లేకపోవుటయే విచారింపదగిన విషయము.

మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట పూర్వపు కృష్ణా జిల్లాలోని మెట్ట ప్రాంతములు. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. నాగార్జునసాగరు ఎడమ కాలువ ఈ మెట్టలకు నీరు తెచ్చినది. జగ్గయ్యపేట పరిసరములలోని సున్నపురాయి సిమెంటు కర్మాగారములను తెచ్చినది. పూరియిండ్లున్న చోట పెంకుటిండ్లు, పెంకుటిండ్లున్న చోట డాబాలు వెలసినవి. ఒక అంతస్తు డాబాలు రెండు మూడంతస్తుల మేడలైనవి. ఇది సంతోషింపదగిన అభివృద్ధియే. అయితే నిట్టాడి యిల్లు కట్టు దినములలో కాలు జారినవాడు తరచు దుమ్ము దులుపుకొని లేచెడివాడు. మూడవ అంతస్తు అంచున కాలు జారినవానికి ఆ అవకాశము లేదు. ఇంటి ఎత్తు పెరిగినది గాని, పెక్కు చోట్ల పరంజా నాటిదే: సరుగుడు బాదులు, కొబ్బరి తాళ్ళు, అడ్డముగా పరచిన ఒకటి రెండు పలకలు.

ఈ విషయమును తరగతి గదిలోని నల్లబల్ల మీద లెక్కవేసి చూడవచ్చును. ఒక అంతస్తు ఎత్తు సుమారు 10 అడుగులు. అంత ఎత్తునుండి పడిన మనిషి నేలను తాకుటకు పట్టు కాలము సుమారు 0.8 సెకండు మాత్రమే. నేలను తాకునప్పటి వేగము గంటకు 28 కిలోమీటర్లు. రెండంతస్తుల ఎత్తునుండి అయినచో గంటకు 39 కిలోమీటర్లు. ఎత్తు రెండింతలైనప్పుడు వేగము రెండింతలు కాదు గాని, దెబ్బలోని శక్తి రెండింతలగును. గురుత్వాకర్షణ పాఠము చదివిన విద్యార్థి ఎవడైనను ఈ లెక్క చేయగలడు. దీనినుండి గ్రహింపవలసిన నీతి యొకటి కలదు. ఒక సెకండుకు లోపల మనిషి ఏమి ఆలోచింపగలడు, దేనిని పట్టుకొనగలడు? "పైన జాగ్రత్తగా ఉండుము" అని క్రిందనుండి చెప్పు మాట ఈ లెక్క ముందు నిలువదు. పడిన పిమ్మట చేయదగినది లేదు గనుక, పడకుండుటకు కావలసిన అడ్డు ముందుగానే అచట ఉండవలెను.

ఆ అడ్డు ఎప్పుడు వచ్చుచున్నదో గమనింపుడు. స్తంభములు లేచును. సెంట్రింగు కట్టుదురు. స్లాబు పోయుదురు. మెట్ల కొరకు, లిఫ్టు కొరకు స్లాబులో ఖాళీలు విడుతురు. గోడలు, పూత పని, కిటికీలపై చూరు పని జరుగును. పిట్టగోడ వచ్చుట చాల తరువాత. ఇల్లు పూర్తియై, గృహప్రవేశము జరిగి, ఇంటివారి పిల్లలు మేడ మీద ఆడుకొనునాటికి పిట్టగోడ సిద్ధముగా నుండును. అది లేనిదే పిల్లలను మేడ ఎక్కనీయరు. అదే మేడ మీద, అదే అంచున, కొన్ని నెలలపాటు పనివారు తట్టలు మోసిరి, ఇనుప చువ్వలు వంచిరి, నీళ్ళు కొట్టిరి. వారికి పిట్టగోడ లేదు. ప్రమాదమంతయు ఈ వ్యవధిలో నున్నది. స్లాబు పోసిన నాటికిని పిట్టగోడ లేచిన నాటికిని నడుమనున్న నెలలలో ఆ అంచునకు తాత్కాలికముగానైన ఒక అడ్డు కట్టుట యజమాని ధర్మము.

పనివాడు పడి మరణించినప్పుడు "వాని రాత అంతే" యనుట మనలో పరిపాటి. రాత అను మాట దుఃఖించువారికి ఓదార్పు కావచ్చును. అదే మాట యజమాని నోట వచ్చినచో తప్పించుకొను త్రోవ యగును. కారణములను ఒక్కొక్కటిగా చూచినచో వానిలో రాత పాలు కనిపింపదు. పలకలు రెండే పరచిరి గనుక అడుగు తప్పినది. తాడు ఎండకు వానకు చివికినది గనుక ముడి వదలినది. స్లాబులోని ఖాళీపై బల్ల కప్పలేదు గనుక చీకటిలో కాలు పడినది. నిచ్చెన పైకొస కట్టలేదు గనుక ప్రక్కకు ఒరిగినది. పని అడుగు లెక్కన ఒప్పుకొనిరి గనుక తొందర హెచ్చినది. వీనిలో మానవ ప్రయత్నమునకు అందనిది ఒక్కటియు లేదు.

మెట్ట సీమలో ఎత్తులెక్కు వృత్తి కొత్తది కాదు. మైలవరమునకు సమీపముననున్న కొండపల్లిలో చేయు కొయ్యబొమ్మలలో తాడిచెట్టెక్కు గీత కార్మికుని బొమ్మ ప్రసిద్ధమైనది. ఆ కార్మికుడు మోకు లేనిదే చెట్టు ముట్టడు. తన ప్రాణము ఆ మోకు మీద నున్నదని ఎరిగి, దానిని తన చేతులతో పేని, ప్రతిదినము పరీక్షించుకొనును. అయినను చెట్టునుండి జారిపడినవారు పెక్కుమంది కలరు. అందుచేతనే తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో "కాటమయ్య రక్ష" అను పేర గీత కార్మికులకు రక్షణ సాధనములను పంచుట ఆరంభించినది. తాతలనాటి మోకుకు తోడు కొత్త బెల్టులు, తాళ్ళు వచ్చినవి. తాడిచెట్టెక్కు వానికి తరతరములుగా మోకు ఉండగా, మేడ ఎక్కు వానికి నేటికిని ఒక త్రాడు లేకపోవుట వింత. కట్టుచున్న మేడకు దిష్టిబొమ్మను వ్రేలాడదీయుట మాత్రము ఎవరును మరువరు. గాలికి ఊడిపడకుండ దానిని గట్టి తాటితో బిగింతురు. ఆ పాటి తాడు ఆ బొమ్మ ప్రక్కన పూత పని చేయు మనిషికి లభించుట లేదు.

ఇట్టి జాగ్రత్త వలన ఫలమేమియని అడుగువారికి ఒక ప్రఖ్యాత ఉదాహరణము కలదు. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గోల్డెన్ గేటు వంతెనను 1933 నుండి 1937 వరకు కట్టిరి. పెద్ద కట్టడములలో ప్రతి పది లక్షల డాలర్ల వ్యయమునకు ఒక ప్రాణము పోవుట సహజమని ఆనాటి నిర్మాతలు లెక్క కట్టుకొనెడివారు. ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్కకు లోబడలేదు. వంతెన క్రింద పెద్ద వల కట్టించెను. పనిచేయుచు జారిన 19 మంది ఆ వలలో పడి బ్రదికిరి. అయితే 1937 ఫిబ్రవరి 17న బరువైన పని వేదిక యొకటి ఊడి, వలను చీల్చుకొని పడగా 10 మంది మరణించిరి. ఈ కథలో రెండు పాఠములు కలవు. సహజమని తలచిన మరణము నిజమునకు సహజము కాదని మొదటిది. వల ఉన్నంత మాత్రమున మనిషి నిలిచిన వేదికను ఉపేక్షింపరాదని రెండవది.

మన దేశమున చట్టము లేకపోలేదు. 1996లో పార్లమెంటు భవన నిర్మాణ కార్మికుల కొరకు ప్రత్యేక చట్టము చేసినది. పరంజాలు, నిచ్చెనలు, రక్షణ వలలు, బెల్టులు ఎట్లుండవలెనో 1998 నాటి కేంద్ర నిబంధనలు వివరించినవి. కాని పదిమంది కంటె తక్కువ కార్మికులున్న చోట్లకును, సొంత నివాసమునకై 10 లక్షల రూపాయలకు మించని ఖర్చుతో కట్టుకొను ఇండ్లకును ఆ చట్టము వర్తింపలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినవి. వానిలో సొంత ఇంటికి సంబంధించిన ఆ హద్దు 50 లక్షలైనది. చిన్న పట్టణములలో ఉద్యోగులు, రైతులు, వర్తకులు కట్టుకొను ఇండ్లు పెక్కు ఈ హద్దులోపలనే యుండును. కూడబెట్టిన కాసులతో గూడు కట్టుకొను సంసారిని తనిఖీలతో వేధింపరాదని శాసనకర్తలు తలచియుందురు. ఆ తలంపు సహేతుకమే. కాని యజమానికి మినహాయింపు దొరికినంత మాత్రమున పనివానికి భూమ్యాకర్షణ నుండి మినహాయింపు దొరకదు. 49 లక్షల ఇంటినుండి పడినను, కోటి రూపాయల మేడనుండి పడినను దెబ్బ యొకటే.

ఇక మిగిలినది శిక్షాస్మృతి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను ప్రకారము, నిర్లక్ష్యము వలన ఒకరి మరణమునకు కారకుడైన వానికి ఐదేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును. అయితే ఆ సెక్షను మనిషి మరణించిన పిమ్మట వచ్చునది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది. చట్టము ముందుగా చేరని చోటికి ధర్మబుద్ధి చేరవలసి యున్నది. ఈ ధర్మము క్రొత్తగా కనిపెట్టినది కాదు. యూదుల ప్రాచీన ధర్మశాస్త్రమైన ద్వితీయోపదేశకాండములో కొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టును పిట్టగోడ కట్టవలెననియు, లేనిచో పడినవాని రక్తదోషము ఆ యింటికి తగులుననియు నియమము కలదు. దోషము పడినవానిది కాదనియు, ఇల్లు కట్టించిన వానిదనియు ఆ కాలపు పెద్దలు గ్రహించిరి.

చేయవలసిన పనులు కష్టసాధ్యములు కావు. నేల మీద చేయదగిన పనిని పైకి తీసికొనిపోకుండుట మొదటిది. పరంజా పలకలు సందు లేకుండ పరచి, రెండు కొసలను బిగించి, నడుమెత్తున ఒక అడ్డకర్రయు, దానికి సగమెత్తున మరియొకటియు కట్టవలెను. పలకల అంచున జానెడు ఎత్తు అడ్డుపలక ఉన్నచో పనిముట్లు క్రిందివారి తలపై పడవు. స్లాబు అంచులకు ఇట్టి కర్రలే చాలును. స్లాబులోని ఖాళీలను గట్టి బల్లలతో మూసి, కదలకుండ మేకులు కొట్టవలెను. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తునకు ఒక అడుగు చొప్పున గోడనుండి ఎడముగా నిలిచి, ఎక్కవలసిన చోటికి మూడడుగులు పైకి ఉండవలెను. దాని పైకొసను కట్టివేయవలెను. హెల్మెటు అవసరమే గాని, అది తలను కాపాడును, పడుటను ఆపదు. పడుటను ఆపునది శరీరమంతటిని పట్టియుంచు బెల్టు. దాని తాడును పరంజా బాదుకు గాక, ఇంటి స్తంభమునకు కట్టినప్పుడే ఆ బెల్టునకు అర్థము కలదు. వాన కురిసిన మరునాడు పరంజా ముడులన్నియు పరీక్షించిన పిమ్మటనే పని మొదలిడవలెను. అమెరికాలో ఇండ్ల నిర్మాణమునందు సైతము ఆరడుగుల ఎత్తు దాటినచో ఇట్టి రక్షణ లేక పని చేయింపరాదు. మన మేస్త్రులు ఆరడుగులను ఎత్తుగానే లెక్కింపరు.

ఈ మాటలు ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా విన్నవింపదగినవి. పల్లెలలో, చిన్న పట్టణములలో బ్యాంకు ఋణముతో ఇండ్లు కట్టుకొనువారిలో ఉపాధ్యాయులు పెక్కుమంది. వారు మేస్త్రితో ఒప్పందము చేసికొనునాడు సిమెంటుకు, ఇనుమునకు, కూలికి వ్రాసికొను పద్దుల క్రింద "రక్షణ" యని మరియొక పద్దు చేర్చి, దానిని మేస్త్రి లాభమునుండి గాక తమ చేతినుండి ఇత్తురేని, ఊరిలో ఇల్లు కట్టు ఇతరులు దానిని చూచి నేర్తురు. పెద్దల మాటకంటె పొరుగువాని ఇల్లు బాగుగా బోధించును.

విద్యార్థుల విషయము మరింత సున్నితమైనది. ప్రభుత్వ పాఠశాలల బల్లలపై కూర్చున్నవారిలో తాపీ పనివారి బిడ్డలు, తట్టలు మోయు తల్లుల బిడ్డలు కలరు. తండ్రిని మందలింపుమని బిడ్డకు చెప్పుట తగదు. పని నిలిపినచో ఆనాటి కూలి పోవునని ఆ తండ్రికి తెలియును. బిడ్డ చేయదగినది వేరొకటి కలదు. 18 నుండి 60 ఏండ్ల వయసు కలిగి, సంవత్సరములో 90 దినములు నిర్మాణపు పని చేసినవారు కార్మిక సంక్షేమ మండలిలో నమోదు కావచ్చును. ఆ దరఖాస్తు నింపుటకు చదువుకొన్న బిడ్డ చేయూత కావలెను. ఆ బిడ్డకు ఉపాధ్యాయుని సాయము కావలెను. నేటి విద్యార్థులలో రేపటి ఇంజనీరులు, మేస్త్రులు, గృహస్థులు కూడ కలరు. 0.8 సెకండు లెక్కను పదునాలుగేండ్ల వయసున చేసినవాడు, నలుబదవ ఏట ఇల్లు కట్టునాడు దానిని మరువకుండును.

జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను దిబ్బ మీద ప్రాచీన బౌద్ధస్తూపము కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ అచట త్రవ్వకములు జరిపించెను. అందు లభించిన ఆయక స్తంభములపై ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనము కలదు. స్తూపపు తూర్పు ద్వారమున ఐదు స్తంభములు నిలిపినవాడు నాగచంద్రుని కుమారుడైన సిద్ధార్థుడను శిల్పియని ఆ శాసనము చెప్పుచున్నది. అతడు రాజు కాడు, సేనాని కాడు. చేతిపనితో బ్రదికినవాడు. అయినను దాదాపు 1,700 సంవత్సరములుగా ఈ మెట్టసీమ రాతి మీద అతని పేరు నిలిచియున్నది. నేటి మేడల ముంగిట పాలరాతిపై యజమాని పేరు చెక్కింతురు. మేడ కట్టినవాని పేరు అచట చెక్కవలెనని ఎవరును కోరుట లేదు. అతని పేరు పోలీసు స్టేషను పుస్తకములోనికి ఎక్కకుండ, సాయంకాలమున అతడు తన కాళ్ళతో నడచి తన ఇంటికి చేరినచో చాలును. అందుకు కావలసినది నాలుగు వెదుళ్ళు, రెండు తాళ్ళు, పిట్టగోడకు ముందే వానిని కట్టింపవలెనను తలంపు.